పెద్దకర్మ నాటి మాట

రేపల్లె నుంచి వచ్చిన ఆటో వీధి మలుపులో ఆగుతుంది. మేనత్త ఇంకా కిందికి దిగనే లేదు, రాగం అందుకుంటుంది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి దారి ఇస్తారు. వరండాలో అద్దాల పెట్టెలో నాన్న ఉన్నారు. తల దక్షిణానికి, తల దగ్గర దీపం. మద్రాసు నుంచి తమ్ముడు రావాలి, అందాకా ఆ పెట్టె మోటారు గురగురమంటూనే ఉంటుంది. అత్త వచ్చి అద్దం మీద రెండు చేతులూ ఆనించి కూలబడుతుంది.

"తల్లి లేని ఇంట్లో తల్లివై పెంచావన్నయ్యో..."

అది ఏడుపే. కానీ ఆ ఏడుపులో మాటలున్నాయి, మాటలకో వరస ఉంది. చిన్నప్పుడు కాలవకు గండిపడి దారి మునిగితే భుజాల మీద ఎక్కించుకుని పరీక్షకు తీసుకెళ్ళావు. నా పెళ్ళికి పుస్తెలు తక్కువైతే సైకిలు అమ్మి, ఆ ఏడాదంతా బడికి నడిచి వెళ్ళావు. మా ఆయన పడవ మునిగిన ఏడు, అడగకముందే బియ్యం బస్తా పంపావు. అత్త ఒక్కో సంగతీ చెప్పి, చివర "అన్నయ్యో" అని దీర్ఘం తీస్తుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ముక్కు చీదుతూ "అవునమ్మా, అవును" అంటారు. ఆ తర్వాత అత్త గొంతు తగ్గుతుంది. పాటలా సాగుతున్నది మాటలా మారుతుంది.

"ఆ శనివారం బతికొచ్చావు. ఆ శనివారాన్ని మోసుకునే పోయావు."

నేను స్తంభానికి ఆనుకుని వింటున్నాను. పుస్తెల సంగతి నాకు తెలియదు. సైకిలు సంగతి తెలియదు. ఆ శనివారం ఏదో దివిసీమలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ దాని గురించి నాన్న మా దగ్గర ఎప్పుడూ నోరు విప్పలేదు. నాన్న గురించి ఈ ఊరు విన్న తొలి ప్రసంగం అత్తదే. కాగితం లేదు, మైకు లేదు, చెప్పాల్సినదేదీ వదిలిపెట్టనూ లేదు.

*

చిన్నకర్మ అయిన సాయంత్రం బాబాయి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటారు.

"పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు సభ పెడదాం. మేష్టార్ల సంఘం వాళ్ళు మాట్లాడతామన్నారు. సర్పంచిగారూ వస్తారు. ఇంట్లోంచి ఒకరు మాట్లాడాలి. వాడు కర్మలో ఉంటాడు. నేను మాట్లాడితే మధ్యలో ఆగిపోతాను."

అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. మూడు రోజులుగా పెద్దగా మాట్లాడలేదు. ఇప్పుడు తల ఎత్తకుండానే అంటుంది: "అది మాట్లాడుతుంది."

"ఆడపిల్ల కదా వదినా, నలుగురూ..."

"ఆయన బళ్ళో ఆడపిల్లలకు మాట్లాడటం నేర్పారు. అది మాట్లాడుతుంది."

బాబాయి నా వైపు చూస్తారు. నేను తల ఊపుతాను. ఒప్పుకోవడం ఎంత తేలికో, ఆ రాత్రి తెల్లకాగితం ముందు కూర్చున్నాక తెలుస్తుంది. "మా నాన్నగారు మృదుస్వభావి" అని రాస్తాను. కొట్టేస్తాను. నాన్న మృదుస్వభావి కాదు. "అజాతశత్రువు" అని రాస్తాను. పొలం గట్టు తగాదాలో పదేళ్ళు మాటల్లేని పక్కింటాయన గుర్తొస్తారు. కొట్టేస్తాను. "ఆయన మరణం తీరని లోటు." ఈ మాట ఇప్పటికే ఫ్లెక్సీ మీద ఉంది. వీధి చివర కట్టిన ఫ్లెక్సీలో నాన్న ఫొటో పక్కన నీలం అక్షరాల్లో, 'అశ్రునివాళి' కింద. అవనిగడ్డ కుర్రాడు ప్రింటు వేసి తెచ్చాడు. ఆ ఫ్లెక్సీ మీది మాటల్లో తప్పు ఒక్కటీ లేదు. పేరు మార్చి ఏ ఇంటి ముందు కట్టినా సరిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది.

నాన్న బీరువాలో 'మహాప్రస్థానం' ఉంది, అట్ట ఊడిన పాత ప్రతి. శ్రీశ్రీ ఆ పుస్తకాన్ని పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చాడు. స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నిలదీసినట్టు, బతిమాలినట్టు మాట్లాడతాడు. అత్త కూడా అంతే, అన్నయ్యతోనే మాట్లాడింది. నేనూ నాన్నతో మాట్లాడనా? ఓ పేజీ అలా రాసి చూస్తాను. చదువుకుంటే అది నా దుఃఖంగానే ఉంది, అందులో ఊరు లేదు. సభలో కూర్చునేవాళ్ళకు ఆయన నాన్న కాదు, మేష్టారు. వాళ్ళ మేష్టారి గురించి వాళ్ళకే చెప్పాలి. చెప్పాలంటే ముందు వాళ్ళ దగ్గర తెలుసుకోవాలి.

కాగితం మూసేసి పడుకుంటాను.

*

మర్నాడు నాన్న అస్థికలతో బయల్దేరుతాం. కోడూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు, నీళ్ళలో గిరగిర తిరిగే చక్రాలు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి దాటి, పాలకాయతిప్ప మీదుగా సంగమానికి వెళ్తాం. పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణ తన ఒక పాయతో ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. నది నీళ్ళు ఓ రంగు, సముద్రం నీళ్ళు ఇంకో రంగు. తమ్ముడు మోకాలి లోతుకు దిగి కుండ వంచుతాడు.

బాబాయి నా పక్కన నిలబడి ఉన్నారు. ఈ నేలంతా బల్లపరుపు. కంటికి అందినంత దూరం మిట్ట అన్నది లేదు.

"నీళ్ళు ఇటు నుంచే వచ్చాయి" అంటారు బాబాయి. అంతకంటే ఏమీ అనరు.

1977 నవంబరు 19. తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డుకు తోసింది. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి తోసిన నీరు కిందికి పోలేక పైకి లేచింది. తాటిచెట్టు సగానికి నీళ్ళొచ్చాయని చూసినవాళ్ళు చెబుతారు. అడ్డుకునే గట్టు లేదు, ఎక్కడానికి మిట్ట లేదు. పల్లెల్ని, పాకల్ని, పశువుల్ని ఊడ్చుకుంటూ ఉప్పెన లోపలికి వచ్చేసింది. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. అసలు లెక్క అంతకంటే ఎక్కువని ఇక్కడ ఎవరిని అడిగినా అంటారు. చాలామందికి విడివిడిగా చితి కూడా లేదు. ఎవరెవరో గుర్తుపట్టే వీలు లేక గుట్టలుగా వేసి కాల్చారు. పదకొండో రోజులూ పెద్దకర్మలూ జరిపించడానికి కొన్ని ఇళ్ళలో మనిషే మిగల్లేదు.

నాన్న అప్పుడు సముద్రానికి దగ్గర్లోని ఓ పల్లెలో పంచాయతీ సమితి బడి మేష్టారు. ఒక్క మేష్టారి బడి. అంతవరకే నాకు తెలుసు.

*

పరామర్శకు జనం వస్తూనే ఉన్నారు. అరటిపళ్ళు తెచ్చేవాళ్ళు, పాలు తెచ్చేవాళ్ళు, చేతులూపుకుంటూ వచ్చి అమ్మ పక్కన గంటసేపు ఊరికే కూర్చుని పోయేవాళ్ళు. ఇన్నాళ్ళూ ఇలాంటి ఇళ్ళకు వెళ్ళినప్పుడు నాకు ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఇంట్లోంచి చూస్తుంటే తెలుస్తోంది, వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో రారు. ప్రతి ఒక్కరూ ఓ ముక్క తెస్తారు.

నాగాయలంక నుంచి ఒకావిడ వస్తుంది, చేపల బుట్ట బయట దించి. "తొంభైలో తుఫానొచ్చింది చూడమ్మా, మే నెల్లో. మేష్టారు ఇంటింటికీ తిరిగి షెల్టరుకు తోలారు. కోళ్ళను వదిలి రానని మా అత్త మొండికేస్తే, గంప ఆయనే నెత్తిన పెట్టుకున్నారు. లోపల మేమూ కోళ్ళూ అందరం ఒకటే గది." ఆవిడ నవ్వుతుంది. అమ్మ కూడా నవ్వుతుంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి.

ఒక పెద్దాయన అంటారు: "పళ్ళెంలో నీళ్ళు పోసి, ఒక పక్క నుంచి ఊదమనేవారు మేష్టారు. ఊదితే నీళ్ళు అవతలి అంచెక్కి ఒలికేవి. అదిరా ఉప్పెనంటే అనేవారు. ప్రతి నవంబరులో పిల్లలందర్నీ షెల్టరు దాకా నడిపించి, ఎంతసేపు పట్టిందో పలక మీద రాయించేవారు."

నేను చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళ ముందు తియ్యను. వాళ్ళు వెళ్ళాక పెరట్లోకి పోయి, ఎవరు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే రాసుకుంటాను. ఒకే సంగతి ఇద్దరు చెబితే పక్కన టిక్కు పెడతాను. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు చెప్పినది పొసగకపోతే అమ్మను అడుగుతాను. సైకిలు అమ్మింది అత్త పెళ్ళికి కాదనీ, పెళ్ళయ్యాక తీర్చిన అప్పుకనీ అమ్మ సరిదిద్దుతుంది. తేదీలు, వరసలు, ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నవి తప్పితే సభలో ఒక్కరైనా కనిపెడతారు. ఒక్క తప్పు దొరికితే మిగతాది కూడా నమ్మరు.

శనివారం సంగతి కూడా అమ్మనే అడుగుతాను. రాత్రి, అందరూ పడుకున్నాక. అమ్మ చాలాసేపు ఊరుకుని, లేచి వెళ్ళి మంచం కింది రేకుపెట్టె లాగుతుంది.

"బళ్ళో పిల్లలకు కేర్ ఉప్మా పెట్టేవాళ్ళు. ఆ రవ్వ లెక్క చూపించాలని సమితి ఆఫీసు వాళ్ళు రమ్మన్నారు. శనివారం పొద్దున్నే అవనిగడ్డ పోయారు. లెక్కకు కావాలని ఇది పట్టుకెళ్ళారు. గాలివానకు తిరిగి రాలేకపోయారు."

హాజరు పట్టీ. అంచులు పురుగు కొట్టేశాయి. నవంబరు పేజీ తీస్తుంది అమ్మ. 18వ తేదీ శుక్రవారం దాకా గడుల్లో గుర్తులు. ఆ తర్వాత గడులన్నీ ఖాళీ.

ఖాళీ అనుకున్నాను. దీపం దగ్గరికి జరుపుకుంటే, కొన్ని పేర్ల ఎదురుగా కుడివైపున చిన్న అక్షరాలు. రకరకాల సిరాలు, నీలం, నలుపు, ఆకుపచ్చ. ఒక పేరు ఎదురుగా: చల్లపల్లిలో మేనమామ ఇంట. అదే పేరు పక్కన ఇంకో సిరాతో: 1986 పెళ్ళి. ఇంకో పేరు ఎదురుగా: రేపల్లె, టైలరింగు. ఇంకో పేరు: మచిలీపట్నం, బందరు లడ్డు కొట్టు. ఆ కింద పెన్సిలుతో: సొంత కొట్టు.

బతికిన పిల్లల్ని ఆయన దశాబ్దాల పాటు వెతుక్కుంటూ పోయారు. ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో పట్టీలో నమోదు చేశారు. సగానికి పైగా పేర్ల ఎదురుగా మాత్రం ఏమీ లేదు. చనిపోయినట్టు రాయలేదు, గీత కొట్టలేదు. అలాగే వదిలేశారు.

"నేను చూస్తానని తెలుసు. ఎప్పుడూ మాట్లాడుకోలేదు" అంటుంది అమ్మ.

*

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒకాయన వస్తాడు. నలభై అయిదు దాటిన మనిషి, రొయ్యల చెరువు దగ్గర కాపలా పని. కర్మకు కట్టెలు తోలిందీ, బాబాయితో పాటు షామియానా మాట్లాడి వచ్చిందీ అతనే. ఇన్ని రోజులూ ఇంట్లోకి మాత్రం రాలేదు. ఇవాళ గడప దగ్గర కూర్చుంటాడు.

"నువ్వు మాట్లాడతావంట కదమ్మా."

"అవునండి."

"మేష్టారు నన్ను కొట్టారు. నాలుగో తరగతిలో. మా అయ్యతో వేటకు పోయి రెండ్రోజులు బడికి రాలేదు. మూడో రోజు వస్తే తాటిమట్టతో కొట్టారు. ఇదిగో." మోచేతి మీద మచ్చ చూపిస్తాడు. "మళ్ళీ బడి మొహం చూళ్ళేదు."

నాకు మాట రాదు. అతను కోపంగా లేడు. చెప్పాల్సిన మాట చెప్పడానికే వచ్చాడు.

"తర్వాత ఇంటికొచ్చారు, రమ్మని. మా అయ్య కాళ్ళమీద పడ్డంత పని చేశారు. నేను పోలేదు. మొండోణ్ణి."

రాత్రి పట్టీ ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ మాట మళ్ళీ వినిపిస్తుంది: రెండ్రోజులు బడికి రాలేదు. ఒక సోమవారం తిరిగి వచ్చి చూస్తే బడికి రావలసిన పిల్లలే లేని మనిషికి, ఖాళీ గడి అంటే ఏమిటో నాకు ఇప్పుడు కొంచెం తెలుస్తుంది. అయినా ఆ దెబ్బ దెబ్బే. ఆయన భయం పెద్దదని చెప్పి ఆ పిల్లవాడి నొప్పిని చిన్నది చెయ్యకూడదు. రెండూ పక్కపక్కనే చెప్పాలి.

"పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు కదే" అంటుంది మేనత్త.

"చెప్పనీ. ఆయన బతికుంటే ఆయనే చెప్పేవారు" అంటుంది అమ్మ.

తెల్లారాక నేను చెరువు దగ్గరికి వెళ్తాను. మీ సంగతి సభలో చెప్పవచ్చా అని అడుగుతాను. అతను నీళ్ళలోకి చూస్తూ ఆలోచిస్తాడు. "చెప్పమ్మా. నా పేరు చెప్పకు. ఆయన్ని తిట్టినట్టు మాత్రం ఉండకూడదు."

అడగాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. బాబాయి బండి మీద తుఫాను కాలనీకి వెళ్తాం. ఉప్పెన తర్వాత మిగిలినవాళ్ళకు కట్టిన ఇళ్ళు. ఆ పట్టీలో ఖాళీగా మిగిలిన పేర్ల అక్కలు, తమ్ముళ్ళు, ఒకరిద్దరు తల్లులు ఇంకా ఇక్కడ ఉన్నారు. మా నాన్న దగ్గర ఈ పేర్లు ఉన్నాయి, రేపు చదవనా అని గడప గడపకూ వెళ్ళి అడుగుతాను. ఒకాయన వద్దంటాడు. ఆ పేరు మీద నా కాగితంలో గుండ్రం చుడతాను, చదవకూడదని. కళ్ళు సరిగ్గా కనిపించని ఓ ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంటుంది.

"చదువు తల్లీ. ఇంటిపేరుతో చదువు."

*

ఇక రాయడం కష్టం కాలేదు. సంస్మరణ ప్రసంగం ఒక్క మనిషి రాసేది కాదని నాకు తెలిసిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళు తలా ఓ మాట ఇచ్చిపోతారు. వాటిని సరిచూసి, వరసలో పెట్టి, పెద్దకర్మ నాడు వాళ్ళకే అప్పజెప్పాలి. కర్మకు అన్ని రోజులు పట్టేది ఎందుకో శాస్త్రం చెప్పేది శాస్త్రం చెబుతుంది. నా మటుకు నాకు, ఆ మాటలన్నీ ఇంటికి చేరడానికి అన్ని రోజులూ కావాలి.

నోటుపుస్తకం నిండా సంగతులున్నాయి. సభలో ఇంటివాళ్ళకు దక్కేది అయిదారు నిమిషాలు. అంతకు మించితే ఎండలో కూర్చున్న పెద్దవాళ్ళకు కష్టం. ఏది ఉంచాలి? నాన్న ఎక్కడ పుట్టారు, ఎప్పుడు రిటైరయ్యారు అన్నవి సంఘం వాళ్ళు ఎలాగూ చెబుతారు, తీసేస్తాను. నా పెళ్ళి, తమ్ముడి చదువు తీసేస్తాను. సైకిలు కథంటే నాకు ప్రాణం. అదీ తీసేస్తాను, అది అత్త సొత్తు, అత్త ఇప్పటికే చెప్పింది. నాలుగు మిగులుతాయి: శనివారం, పట్టీ, కోళ్ళ గంప, తాటిమట్ట. నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి. రానివాళ్ళ కోసం వెతికిన మనిషి ఆయన.

రాత్రి డాబా మీద గొంతెత్తి చదువుతాను. కాగితం మీద బాగున్న వాక్యం నోట్లో నిలవదు. "విద్యార్థుల క్షేమసమాచారాలను నిరంతరం సేకరించేవారు" అని చదివి ఆగుతాను. అమ్మ ఎప్పుడైనా ఇలా మాట్లాడిందా? "పిల్లలు ఎక్కడున్నారో కనుక్కుంటూనే ఉండేవారు" అని మారుస్తాను. పెద్ద అక్షరాలతో, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక గీత వదిలి, కాగితానికి ఒక్క వైపే తిరగ రాస్తాను. కళ్ళు నిండినా అక్షరం కనిపించాలి.

తమ్ముడు గోడ మీద కూర్చుని వింటాడు. రేపు పెద్దకర్మ, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు వాడు.

"అక్కా, పట్టీ దగ్గర నువ్వు ఏడుస్తావు."

"ఏమో."

"ఏడుస్తావు. అక్కడ ఎర్ర గీత పెట్టుకో. గీత దగ్గర ఆగి నీళ్ళు తాగు. తొందరపడకు. ఎవరూ ఎక్కడికీ పోరు."

గీత పెడతాను. వాడు కాగితాలు తీసుకుని తనూ ఒకసారి మౌనంగా చదువుకుంటాడు. నా గొంతు అసలు పెగలకపోతే మిగతాది వాడు చదవాలని అనుకుంటాం.

*

పదకొండో రోజు. తెల్లవారుజామునే పెరట్లో గాడిపొయ్యి వెలిగింది. గారెల పిండి రుబ్బుతున్న చప్పుడు, గుమ్మడికాయ పులుసు వాసన. తమ్ముడు గుండుతో, తడి పంచెతో కాలవ గట్టు నుంచి వస్తాడు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, బల్ల మీద నాన్న ఫొటో. ఫొటోలో ఆయన సరిగ్గా నవ్వరు, నవ్వబోతున్నట్టు ఉంటారు. మైకు కుర్రాడు "హలో, హలో" అని మూడుసార్లు అని, వేలితో తడతాడు.

పదిన్నరకు జనం నిండుతారు. మేష్టార్ల సంఘం పెద్దాయన నాన్న సర్వీసు సంగతులు చెబుతారు. ఎన్ని బళ్ళు, ఎన్ని బదిలీలు, మండలాలు రాకముందు సమితుల రోజుల్లో జీతాలు ఎంత ఆలస్యమయ్యేవో. సర్పంచిగారు రెండు మాటలు చెప్పి దండం పెడతారు. తర్వాత బాబాయి నా పేరు పిలుస్తారు.

నడుస్తుంటే కాళ్ళు నావి కావనిపిస్తుంది. మైకు ఎత్తు కుర్రాడు సరిచేస్తాడు. కాగితాలు బల్ల మీద పెట్టి వాటి మీద నాన్న కళ్ళజోడు పెట్టె ఉంచుతాను, గాలికి ఎగరకుండా. తల ఎత్తి ఒక్క మొహం వెతుక్కుంటాను. మూడో వరసలో చేపల బుట్టావిడ. ఆవిడను చూస్తూ మొదలుపెడతాను.

"అందరికీ నమస్కారం. మా నాన్న గురించి నాకు తెలిసింది తక్కువని ఈ రోజుల్లో తెలుసుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేదంతా మీరు చెప్పిందే. తప్పుంటే సరిదిద్దండి."

వరసల్లో కదలిక. కోళ్ళ గంప సంగతి ముందు చెబుతాను. నవ్వులు వస్తాయి. చేపలావిడ పక్కావిణ్ణి మోచేత్తో పొడుస్తుంది. నవ్వాక జనం కుర్చీల్లో సర్దుకుంటారు, నా ఊపిరి కూడా సర్దుకుంటుంది. పళ్ళెంలో నీళ్ళ సంగతి చెబుతుంటే వెనక వరసల్లో తలలు ఊగుతాయి. ఆ పళ్ళెం ఊదినవాళ్ళు వాళ్ళే.

తర్వాత తాటిమట్ట.

"నాన్న చెయ్యి దురుసుది. బడికి రాని పిల్లల్ని కొట్టేవారు. ఆ దెబ్బకు బడి మానేసినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ చదువు పోయింది. దానికి ఆయన బాధపడ్డారు, ఇళ్ళకు వెళ్ళి బతిమాలారు. కానీ పోయిన చదువు తిరిగి రాలేదు. ఇది చెప్పకుండా మిగతాది చెబితే, మీరు నన్ను నమ్మక్కర్లేదు."

ఎవరూ కదలరు. సంఘం పెద్దాయన తల దించుకుంటారు. షామియానా కర్ర దగ్గర నిలబడ్డ మనిషి చేతులు కట్టుకుని నా వైపే చూస్తున్నాడు. అతని మొహంలో ఏముందో ఇంత దూరం నుంచి తెలియదు. పేజీ తిప్పుతాను.

"ఆయన ఖాళీ గడిని ఎందుకు భరించలేకపోయారో ఇది చూస్తే తెలుస్తుంది" అని పట్టీ ఎత్తి చూపిస్తాను. శనివారం సంగతి చెబుతాను. రవ్వ లెక్క, అవనిగడ్డ, గాలివాన. రెండు వైపులా పీనుగలున్న దారిలో ఆయన తిరిగి నడిచి వచ్చిన సంగతి. రంగురంగుల సిరాల సంగతి. "చల్లపల్లి. రేపల్లె. మచిలీపట్నం, సొంత కొట్టు." అక్కడ ఎర్ర గీత ఉంది.

గొంతు పట్టేస్తుంది. నీళ్ళ గ్లాసు అందుకుంటాను. తమ్ముడు అన్నట్టు తొందరపడను. మైకులో నా ఊపిరి నాకే వినిపిస్తుంది. ముందు వరసలో అమ్మ చెయ్యి చిన్నగా ఆడించి, కానివ్వు అంటుంది.

"ఈ పట్టీలో కొందరి పేర్ల ఎదురుగా నాన్న ఏమీ రాయలేదు. ఆ పిల్లలకు సభ జరగలేదు. మీ అనుమతితో, ఈ రోజు ఆయన సభలో ఆ పేర్లు చదువుతాను."

ఇంటిపేరుతో సహా ఒక్కో పేరూ చదువుతాను. మొదటి రెండు పేర్లకూ నిశ్శబ్దం. మూడో పేరుకు కాలనీ వాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఓ ముసలి గొంతు, పిల్ల బడిలో పలికినట్టు గట్టిగా, "ఉన్నానండీ" అంటుంది. చెల్లెలి పేరుకు అక్క పలుకుతోంది. తర్వాతి పేరుకు ఇంకెవరో పలుకుతారు. ఎవరూ మిగలని ఇంటి పేరు వచ్చినప్పుడు అరక్షణం తడబాటు, ఆ వెంటనే మూడో వరస నుంచి చేపలావిడ పలుకుతుంది. ఆ ఇంటికీ ఆవిడకూ చుట్టరికం లేదు. నేను ఇది రాసుకోలేదు. ఎవరూ అనుకుని వచ్చింది కాదు. ఏడుస్తూనే ఉన్నాను, చదువుతూనే ఉన్నాను, ఒక్క అక్షరం తప్పకుండా.

చివరి పేరు అయ్యాక నమస్కారం పెట్టి దిగిపోతాను. ముగింపు వాక్యం ఒకటి కాగితం మీద ఉంది. దాని అవసరం లేకపోయింది.

*

విస్తళ్ళు వేశారు. ఒక బంతి తిని లేస్తుంటే ఇంకో బంతి కూర్చుంటోంది. నేను షామియానా కింద పట్టీ సర్దుతుంటే, చెయ్యి కడుక్కున్న ఒకాయన తువాలుతో తుడుచుకుంటూ వచ్చి నిలబడతాడు.

"ఆ టైలరు మా బావమరిదమ్మా. రేపల్లెలో లేడిప్పుడు. పదేళ్ళయింది, గుంటూరులో ఉంటున్నాడు. అది రాయండి మరి."

పెన్ను కోసం చూస్తాను. తమ్ముడు జేబులోంచి తీసి ఇస్తాడు. నాన్న అక్షరాల కింద నా అక్షరాలు పెట్టడానికి చెయ్యి ఆడదు. అమ్మ వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటుంది. "రాయి. దాన్ని ఆపమని ఆయన ఎవరికీ చెప్పలేదు." రాస్తాను. వెనకే ఇంకొకరు, మనవరాలికి ఉద్యోగం వచ్చిందట. ఇంకొకరు, కిందటేడు పోయాడట, ఆయనకీ ఓ మాట రాయమంటారు. బంతుల మధ్య జనం బల్ల ముందు వరస కడతారు.

షామియానా కర్ర దగ్గరి మనిషి అందరూ కొంచెం పల్చబడ్డాక వస్తాడు.

"ఆ పట్టీలో నా పేరు ఉండదు. నేను తర్వాతి వాణ్ణి."

"కొత్త కాగితం తీస్తానండి."

"నాలుగో తరగతిలో మానేశాడని రాయి. రొయ్యల చెరువు కాపలా అని రాయి." కాసేపు ఆగి, నేను రాస్తున్న అక్షరాల మీదికి వంగుతాడు. "ఇద్దరు కూతుళ్ళు. ఇద్దరూ డిగ్రీ. అది కూడా రాయి. పిల్లల పేర్లు చెబుతా, రాసుకో."

రాసుకుంటాను. అతను ఒకసారి వేలు పెట్టి చూసుకుని, సరిగ్గా ఉందని తల ఊపి పక్కకు జరుగుతాడు. వెనక ఇంకా నలుగురైదుగురు నిలబడే ఉన్నారు.

"తర్వాత ఎవరండీ?" అని పిలుస్తాను.